ఫ్రిజ్ తలుపులో తమ్ముడి సీసాలు

ప్రశ్న: నమస్తే అండి. మాది విశాఖపట్నం, సీతమ్మధార. ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతుంటాను. సీసాల మీద అంటించడానికి ఒక చిన్న లేబుల్ ప్రింటర్ కూడా కొనుక్కున్నాను. మా తమ్ముడు ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. చిన్నాన్నగారి అమ్మాయి పెళ్ళికని నెలన్నర సెలవు పెట్టి వచ్చాడు. సిగరెట్లు మానేశాడు గానీ దాని బదులు ఈ-సిగరెట్ పట్టుకున్నాడు. లిక్విడ్ మళ్ళీ మళ్ళీ నింపుకునే చిన్న గొట్టాలు, కార్ట్రిడ్జ్‌లంటారు, ఎనిమిది తెచ్చుకున్నాడు. అన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి. ఒకదాంట్లో మామిడి, ఒకదాంట్లో పుదీనా, ఒకదాంట్లో దాల్చినచెక్క, ఇంకోదాంట్లో కాఫీ. పుదీనా అనుకుని దాల్చినచెక్క పీల్చి దగ్గుతుంటాడు. "అక్కా, నీ ప్రింటర్‌తో వీటికి బుల్లి లేబుళ్ళు కొట్టవే" అన్నాడు. మామిడికాయ పచ్చడికి వాడే రోల్‌తోనే, మామిడికాయ బొమ్మతో సహా కొట్టి అంటించాను. రెండు రోజులకే అక్షరాలు మాయమైపోయి, కాగితం ముద్దయి ఊడిపోయింది. మార్కర్‌తో రాస్తే అదీ చెరిగిపోతోంది. ఏ స్టిక్కర్ వాడాలి? ఎండకి పాడవుతుందని లిక్విడ్ సీసాలు, నింపిన కార్ట్రిడ్జ్‌లు ఫ్రిజ్ తలుపులో మా అత్తగారి కంటి చుక్కల పక్కన పెట్టుకుంటున్నాడు, కాబట్టి చెమ్మకి తట్టుకునేది చెప్పండి. ఇంకో మాట, మా గుంటకి మూడేళ్ళు. మావయ్య దగ్గర మామిడిపండు వాసన వస్తోందని వాడి చుట్టూనే తిరుగుతోంది. ఇబ్బందేం లేదు కదా? మా ఆయనేమో "ఇవి మన దేశంలో నిషేధం, పోలీసులొస్తే నేను ఊళ్ళో లేనని చెప్పు" అని ఎగతాళి చేస్తున్నారు.

సమాధానం: అమ్మా, ముందు లేచి వెళ్ళి ఆ ఫ్రిజ్ తలుపు తీయండి. మీ తమ్ముడి సీసాలు, కార్ట్రిడ్జ్‌లు అన్నీ అక్కడి నుంచి తీసేసి, తాళం వేసే పెట్టెలోనో బీరువాలోనో పెట్టించి, ఆ తాళంచెవి పాపకి అందని చోట ఉంచి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి మిగతాది చదవండి. స్టిక్కర్ సంగతి చెబుతాను, తప్పించుకోను. కానీ మీరు మాటవరసకి రాసిన ఆ కంటి చుక్కల వాక్యం దగ్గర నాకు గుండె గుభేలుమంది.

అత్తగారికి కంట్లో నీటి ఒత్తిడి ఉండి ఆ చుక్కలు వేసుకుంటున్నారేమో. ఆ జబ్బుకి వాడే కొన్ని మందుల సీసాలు తెరవక ముందు ఫ్రిజ్‌లోనే ఉంచాలి, కాబట్టి అవి అక్కడ ఉండటం సరైనదే. పక్కన చేరిన సీసా సంగతే చూడండి. బ్రిటన్‌లో నికోటిన్ ఉన్న ఈ-లిక్విడ్‌ని 10 మిల్లీలీటర్లకు మించిన సీసాలో అమ్మకూడదు. అందుకని అది చిన్న ప్లాస్టిక్ సీసాలో, సన్నటి ముక్కుతో, నొక్కితే చుక్క చుక్కగా పడేలా వస్తుంది. కళ్ళజోడు లేకుండా, పొద్దున్నే మసక వెలుతుర్లో చెయ్యి చాపే పెద్దావిడకి రెండు సీసాలకీ తేడా ఏం తెలుస్తుంది? ఈ-లిక్విడ్‌ని కంటి మందు అనుకుని కంట్లో వేసుకున్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. ఎప్పుడైనా అలా జరిగితే కంటిని కనీసం పావుగంట పాటు ధారగా మంచినీళ్ళతో కడిగి, ఆ సీసా చేతిలో పట్టుకుని నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. మన ఊళ్ళో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రే ఉంది.

అసలు ఆ లిక్విడ్‌కి ఫ్రిజ్ అక్కర్లేదు కూడా. వెలుతురు, గాలి, వేడి తగిలితే నికోటిన్ మెల్లగా రంగు మారి గోధుమరంగులోకి తిరుగుతుంది, నిజమే. దానికి చీకటి అలమారా చాలు. నెలన్నరలో కొంపలేం మునిగిపోవు.

ఇక లేబుళ్ళు. మీ పనితనంలో లోపం లేదు. ఇంట్లో పచ్చళ్ళ వ్యాపారానికి కొనుక్కునే చిన్న ప్రింటర్లు చాలావరకు థర్మల్ రకం. వాటిలో సిరా ఉండదు, వేడి తగిలిన చోట కాగితమే నల్లబడుతుంది. ఆ నలుపు నూనెకీ, స్పిరిట్‌కీ, అలాంటి జిడ్డు ద్రవాలకీ నిలవదు. మీ ఆవకాయ సీసా మీద నూనె కారిన చోట అక్షరాలు పాలిపోవడం చూసే ఉంటారు. ఈ-లిక్విడ్‌లో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. మిగతాది ఫ్లేవర్, నికోటిన్. గ్లైకాల్‌కి సిరాని కరిగించే గుణం ఉంది. పర్మనెంట్ అని రాసి ఉన్న మార్కర్ గీత కూడా దాని తడిలో వేలితో రుద్దితే పోతుంది. ఆ పైన మీ తమ్ముడు వాటిని ఫ్రిజ్‌లోంచి తీసి విశాఖ గాలిలో పెడుతున్నాడు. చల్లటి ప్లాస్టిక్ మీద క్షణాల్లో నీళ్ళు పడతాయి. లోపలి నుంచి గ్లైకాల్ కారి, బయటి నుంచి చెమ్మ పట్టి, మధ్యలో కాగితం. రెండు రోజులు నిలిచిందంటే మీ గమ్ మంచిదే అనుకోవాలి.

కారడం ఎందుకంటారా? విమానం పైకెక్కినప్పుడు లోపలి గాలి ఒత్తిడి తగ్గుతుంది. కార్ట్రిడ్జ్‌లో మిగిలి ఉన్న గాలి వ్యాకోచించి లిక్విడ్‌ని బయటికి తోస్తుంది. ఇక్కడి వేడికి లిక్విడ్ పల్చబడి ఇంకాస్త జారుతుంది. దానికి తోడు దాల్చినచెక్క. దాల్చిన, నిమ్మజాతి, సోంపు ఫ్లేవర్లు కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్‌ని తినేస్తాయి. మీ తమ్ముణ్ణి ఆ దాల్చినచెక్క కార్ట్రిడ్జ్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూడమనండి. నల్లటి గొట్టంలో లిక్విడ్ కనపడటానికి వదిలిన సన్నటి అద్దం లాంటి చోటు ఉంటుంది కదా, అక్కడ మసకగా వెంట్రుకవాసి గీతలు కనిపిస్తే అది పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. దానికి లేబుల్ అనవసరం, పారేయాల్సిన వస్తువు.

మీ తమ్ముడి గొడవ ఉత్తుత్తిది కాదు. అతను ఒక్కో రుచికి ఒక్కో కార్ట్రిడ్జ్ పెట్టుకోవడానికి కారణం ఉంది. లోపల లిక్విడ్‌ని వేడి చేసే కాయిల్‌కి చుట్టిన దూది ఒకసారి పీల్చుకున్న రుచిని ఒక పట్టాన వదలదు. పుదీనా పోసినదాంట్లో తర్వాత కాఫీ పోస్తే, చాలాసేపు పుదీనా కాఫీయే. బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే ఈ-సిగరెట్ల అమ్మకం ఆపేశారు. అవి రంగురంగుల గొట్టాలు, దేని రుచి దాని ఒంటి మీదే రాసి ఉండేది. ఇప్పుడు నింపుకునే వాటికి మారినవాళ్ళకి ఈ ఒకేలా ఉండే నల్ల గొట్టాల తికమక వచ్చిపడింది.

అయితే మీ ఉత్తరం మొత్తంలో మామిడి, పుదీనా, దాల్చినచెక్క, కాఫీ అని నాలుగు రుచులు చెప్పారు గానీ, ఏ కార్ట్రిడ్జ్‌లో నికోటిన్ ఎంత అని ఎక్కడా లేదు. మీకు తెలియకపోవడం సహజం. అతనికైనా తెలుసా అని నా అనుమానం.

లెక్క చూద్దాం. బ్రిటన్‌లో అనుమతించిన గరిష్ఠ బలం మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు. కార్ట్రిడ్జ్‌లో పట్టేది గరిష్ఠంగా 2 మిల్లీలీటర్లు. అంటే నిండుగా ఉన్న ఒక్కదాంట్లో 40 మిల్లీగ్రాముల దాకా నికోటిన్ ఉండొచ్చు. 10 మిల్లీలీటర్ల సీసాలో అయితే 200. ఇది పెద్దవాళ్ళు కొద్దికొద్దిగా, పొగలా పీల్చేది. మూడేళ్ళ పాప ఒక్క గుటక మింగితే వాంతులు, చొంగ, చెమటలు, ఒళ్ళు పాలిపోవడం, వణుకు, ఫిట్స్, ఊపిరి మందగించడం దాకా వెళ్ళొచ్చు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. మింగనక్కర్లేదు కూడా, చర్మం ద్వారా ఒంట్లోకి చేరుతుంది. పొగాకు తోటల్లో మంచుతో తడిసిన పచ్చి ఆకు కోసే కూలీలకి తల తిరిగి వాంతులు అవుతుంటాయి, అదీ ఈ నికోటిన్ పనే.

ఇంకో మెలిక ఉంది. నికోటిన్ లేని లిక్విడ్‌కి ఆ 10 మిల్లీలీటర్ల పరిమితి వర్తించదు. అందుకని 50 మిల్లీలీటర్ల లిక్విడ్‌ని పైన కాస్త ఖాళీ వదిలిన పెద్ద సీసాలో, నికోటిన్ సున్నా అని రాసి అమ్ముతారు. కొన్నవాళ్ళు 18 మిల్లీగ్రాముల బలం ఉన్న 10 మిల్లీలీటర్ల నికోటిన్ సీసా విడిగా కొని అందులో కలుపుకుంటారు. అప్పుడు మొత్తం 60 మిల్లీలీటర్లలో 180 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకి 3. సీసా మీద మాత్రం కంపెనీ అచ్చేసిన సున్నా అలాగే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఆ సున్నా చూసి "ఇందులో ఏం లేదులే" అనుకుంటారు. మీ తమ్ముడి దగ్గర అలాంటి పెద్ద సీసా ఉందేమో అడగండి. ఉంటే, ముందు రాయాల్సింది దాని మీద.

మీరు పచ్చడి లేబుళ్ళ రోల్‌తో కొట్టానన్నారు. అది నన్ను ఫ్రిజ్ కంటే ఎక్కువ కలవరపెట్టింది. మీ పాపకి ఇంకా చదవడం రాదు. కానీ మూడేళ్ళ పిల్లలు బొమ్మలు, రంగులు భలే గుర్తుపడతారు. మామిడికాయ బొమ్మ ఉన్న ఆ లేబుల్ మీ ఇంట్లో ఏ వస్తువు మీద ఉంటే అది అమ్మ చేసింది, తినేది. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్ల చూస్తున్నది అదే. ఇప్పుడు అదే బొమ్మ మామిడిపండు వాసన వచ్చే గొట్టం మీద పెట్టి, దాన్ని ఆ పిల్లకి ఇష్టమైన మావయ్య జేబులో ఉంచాం. అది చేతికి దొరికితే నోట్లో పెట్టుకోక ఏం చేస్తుంది? ఊడిపోయి మంచి పనే చేశాయి ఆ లేబుళ్ళు. మిగిలినవి కూడా ఈరోజే పీకేయండి. మీ వంటింట్లో వెనీలా, పైనాపిల్ లాంటి ఎసెన్స్ సీసాలు ఉంటే అవి ఒక అరలో, ఆ అరలో ఇంకేమీ లేకుండా చూసుకోండి. ఖాళీ ఎసెన్స్ సీసాలోకి లిక్విడ్ వంచుకోవడం లాంటి తెలివితేటలు మీ తమ్ముణ్ణి అస్సలు చేయనివ్వొద్దు. ఆ ఇంట్లోనే అమ్మకానికి ఆహారం తయారవుతోంది కదా.

మీ ఆయన ఎగతాళిగా అన్నది మాత్రం ఎగతాళి కాదు. 2019 సెప్టెంబర్ 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, అదే ఏడాది పార్లమెంటులో చట్టం చేసింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన, నిల్వ అన్నీ నిషేధం. నికోటిన్ ఉన్నా లేకపోయినా ఒకటే, పరికరం పేరూ ఆకారమూ ఏదైనా ఒకటే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వకి విడిగా ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పీల్చినందుకు అని ప్రత్యేకంగా శిక్ష రాయలేదు. చాలామంది అక్కడ ఆగిపోయి "వాడుకోవచ్చులే" అని తీర్మానించేస్తారు. విదేశం నుంచి బ్యాగులో పెట్టుకొస్తే అది దిగుమతి కాదా మరి?

నిల్వ గురించిన సెక్షన్ ఇంకా ఆసక్తికరం. చోటు ఎవరిదో, ఎవరి అధీనంలో ఉందో వాళ్ళు తెలిసి తెలిసి అక్కడ నిల్వ పెట్టనివ్వకూడదు అంటుంది. కాబట్టి మీ ఆయనకి చెప్పండి, ఆయన ఆ రోజు ఊళ్ళో ఉన్నారా లేదా అన్నది ప్రశ్న కాదు, ఇల్లు ఎవరిదన్నదే ప్రశ్న. ఎనిమిది కార్ట్రిడ్జ్‌లు, నాలుగు సీసాలు నిల్వ కిందికి వస్తాయా రావా అన్నది లాయర్లు వాదించుకునే సంగతి. ఆ వాదన మీ ఇంటి పేరు మీద జరగకుండా చూసుకోవడమే మేలు. ముఖ్యంగా మీరు. మీకు ఒక వ్యాపారం ఉంది, ప్రింటర్ ఉంది. "మా ఫ్రెండ్స్‌వి కూడా కొట్టి పెట్టు, డబ్బులిస్తారు" అని తమ్ముడు అన్నాడంటే, అక్కడే ఆపేయండి.

అయితే ఇప్పుడు ఇంట్లో ఉన్నవాటిని ఏం చేయాలి? ఎవరికీ ఇవ్వొద్దు, అమ్మొద్దు, కొరియర్లో ఎక్కడికీ పంపొద్దు. పెళ్ళికి వచ్చే బావమరుదులు సరదాకి ఒకసారి అని అడుగుతారు, ఆ సరదా అస్సలు వద్దు. నా సలహా, మిగిలిన లిక్విడ్‌ని పోగొట్టించడమే. సింకులోనో బాత్రూంలోనో పారబోయకండి. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని, పాత గుడ్డలోనో పొడి ఇసుకలోనో ఇంకించి, రెండు కవర్లలో మూటగట్టి, కాలం చెల్లిన మందులు, బల్బుల లాంటి ఇంటి ప్రమాదకర చెత్తతో పాటు విడిగా ఇవ్వండి. జీవీఎంసీ బండి వచ్చినప్పుడు తడిచెత్తలో కలిపేయకుండా, ఇది వేరని చెప్పి ఇవ్వాలి. బ్యాటరీ ఉన్న పరికరాన్ని చెత్తలో అసలే వేయొద్దు. అందులో ఉండేది లిథియం బ్యాటరీ, చెత్త బండిలో నలిగితే అంటుకుంటుంది. అది ఈ-వ్యర్థాలు తీసుకునే చోటికే వెళ్ళాలి.

"ఖరీదు పెట్టి కొన్నానక్కా" అని అలుగుతాడు. అలగనివ్వండి. ఒక్కటి మాత్రం, "సిగరెట్ మానేశానని చెప్పి ఇదా నువ్వు చేస్తున్నది" అని పదిమందిలో దులిపేయకండి. సిగరెట్ కాల్చిన పొగలో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో రావు కాబట్టి బ్రిటన్‌లో ఆరోగ్య శాఖ వాళ్ళే సిగరెట్ మానలేనివాళ్ళకి మధ్య మెట్టుగా దీన్ని ఒప్పుకుంటారు. అతను అక్కడ విన్నది అదే. హాని లేదని వాళ్ళూ అనలేదు. సిగరెట్ అలవాటు లేనివాళ్ళు దీని జోలికి రావొద్దనీ చెబుతారు. మన దేశం ఆ మెట్టే వద్దంది. రెండు దేశాల పద్ధతుల్లో ఏది సరైనదన్న చర్చ పెళ్ళి అయ్యాక తీరిగ్గా పెట్టుకోండి. అయినా పొగ విషయంలో మన ఉత్తరాంధ్ర ఎవరికీ నీతులు చెప్పే పరిస్థితిలో లేదు. తీరంలో మత్స్యకార ఆడవాళ్ళు చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ మనదే. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్లు మన ఊరి కేసులు చూసే రాశారు.

మరి ఉన్న సెలవు రోజులు అతను ఎలా గడపాలి? ఒక్కసారిగా ఆపితే చిరాకు, నిద్రలేమి, తలనొప్పి వస్తాయి. పెళ్ళింట్లో అది ఇంకో తలనొప్పి. మందుల షాపుల్లో 2 మిల్లీగ్రాముల నికోటిన్ చూయింగ్ గమ్ దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా అదేపనిగా నమలకూడదు. కాస్త నమిలి, నాలుక మీద చుర్రుమనగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ చుర్రు తగ్గాక మళ్ళీ నమలాలి. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగ్గా పనిచేయదు, ఒక పావుగంట ఆగాలి. రోజుకి ఎన్ని అన్నది డాక్టర్నో ఫార్మసిస్టునో అడిగి తెలుసుకోమనండి, గుండె జబ్బు, బీపీ లాంటివి ఉంటే ముందే చెప్పమనండి. ఇదీ నికోటినే, ఇదీ పాపకి అందకూడదు. పొగాకు మానాలనుకునేవాళ్ళకి ప్రభుత్వ ఉచిత ఫోన్ లైన్ 1800-11-2356 ఉంది. మన ఊళ్ళోనే కావాలంటే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్ళొచ్చు. పేరు చూసి మొహమాటపడక్కర్లేదు, వ్యసనాలు మాన్పించడం వాళ్ళ పనుల్లో ఒకటి.

పాప విషయంలో ఇంకొంచెం. ఎప్పుడైనా లిక్విడ్ ఒంటి మీద పడితే బట్టలు మార్చి, సబ్బు, నీళ్ళతో బాగా కడగండి. నోట్లోకి వెళ్ళిందన్న అనుమానం వచ్చినా సరే, ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి, పాలు, మజ్జిగ పట్టకండి. నోట్లో ఉన్నది తుడిచేసి, 108కి ఫోన్ చేసి, సీసానో కార్ట్రిడ్జ్‌నో వెంట తీసుకుని కేజీహెచ్‌కో, దగ్గర్లో అత్యవసర విభాగం ఉన్న ఏ ఆసుపత్రికో వెళ్ళండి. డాక్టరు మొదట అడిగేది "ఎంత బలం, ఎంత తాగింది" అనే. మామిడి ఫ్లేవరా, పుదీనా ఫ్లేవరా అని ఎవరూ అడగరు. చట్టం భయంతో "ఏదో సిరప్ తాగిందండి" అని మాత్రం దాచొద్దు.

ఇంత చెప్పాక, లేబుల్ ఎలా నిలుస్తుందో కూడా చెప్పాలి కదా. ఇది సీతమ్మధారలో చేయడానికి కాదు, లెస్టర్ వెళ్ళాక మీ తమ్ముడు చేసుకోవడానికి. అక్కడ అది చట్టబద్ధమైన వస్తువు, చేసుకోనివ్వండి.

కాగితం వద్దు. పాలీప్రొపిలీన్ గానీ వినైల్ గానీ, ప్లాస్టిక్ ఫిల్మ్ స్టిక్కర్ తీసుకోవాలి. లిక్విడ్ పోయక ముందే, ఖాళీ కార్ట్రిడ్జ్‌ని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక అంటించాలి. ఒకసారి లిక్విడ్ తగిలిన ప్లాస్టిక్ మీద ఏ గమ్మూ పట్టదు. అక్షరాల మీద సన్నటి పారదర్శకమైన టేపు ఒక చుట్టు, అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేలా. చోటు చూసుకోవడం ముఖ్యం. గాలి వెళ్ళే చిన్న రంధ్రం మూసుకుపోకూడదు, లిక్విడ్ ఎంత ఉందో కనపడే కిటికీ మూసుకుపోకూడదు, అడుగున కరెంటు తగిలే లోహపు చుక్కల మీదికి రాకూడదు. పరికరంలోకి దిగే భాగానికి అంటిస్తే మందం పెరిగి ఇరుక్కుపోతుంది. పెదవి తగిలే చోట అసలే వద్దు. చివరికి మిగిలేది మధ్యలో చిటికెన గోరంత స్థలం. గోళ్ళరంగు చుక్క పెడదామని చాలామందికి తోస్తుంది. అందులోని ద్రావకం కొన్ని ప్లాస్టిక్‌లని పగలగొడుతుంది, వద్దు. వైర్లకి తొడిగి వేడి చేసే గొట్టాలు కూడా ఇక్కడ పనికిరావు, ఆ వేడికి కార్ట్రిడ్జే వంకర పోతుంది. స్టిక్కర్ తలనొప్పి వద్దనుకుంటే రంగు రంగుల సన్నటి సిలికాన్ రింగులు తొడగడం అన్నిటికంటే తేలిక. అవి తడవవు, ఊడవు, కడిగితే పోతాయన్న భయం లేదు.

ఆ గోరంత స్థలంలో రుచి పేరు రాయడం దండగ. రంగు బలానికి కేటాయించమనండి. 20కి ఎరుపు, 10కి పసుపు, 3కి ఆకుపచ్చ, సున్నాకి తెలుపు. రంగు పక్కన అంకె పెద్దగా, రుచికి ఒక అక్షరం, నింపిన తేదీ. తేదీ ఎందుకంటే కాయిల్ వారం పది రోజులకి మాడు వాసన కొడుతుంది, ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. సీసాల మీద మాత్రం రుచి, బలం, కలిపిన తేదీ అన్నీ పూర్తిగా రాయాలి. కలుపుకున్న పెద్ద సీసా మీద అచ్చులో ఉన్న సున్నాని అడ్డంగా కొట్టేసి రాయాలి. అక్కడి సీసాల మీద వేలితో తడిమితే తగిలే చిన్న ఉబ్బెత్తు త్రికోణం ఉంటుంది, చూపు లేనివాళ్ళకి కూడా ఇది ప్రమాదకరమని తెలియడానికి. దాని మీద మాత్రం ఏదీ అంటించొద్దు. అసలు నాలుగు రుచులు ఒక మనిషికి ఎందుకో నాకైతే అర్థం కాలేదు. రెండు చాలు, అప్పుడు సగం లేబుళ్ళ అవసరమే ఉండదు.

మీ పచ్చళ్ళకి కూడా ఇదే మందు. థర్మల్ కాగితం బదులు అదే ప్రింటర్‌లో పట్టే ఫిల్మ్ రోల్ దొరుకుతుందేమో అమ్మినవాళ్ళని అడగండి. అదీ థర్మల్ రకమే అయితే పైన పారదర్శకపు పొర ఉన్నది తీసుకోండి. సీసా నింపాక తుడిచి అంటించే బదులు, ఖాళీ సీసాకి ముందే అంటించి ఆ తర్వాత పచ్చడి పెట్టండి. నూనె కారినా లేబుల్ అంచు కిందికి దూరదు. పొడుల డబ్బాలకి ఇంత హడావుడి అక్కర్లేదు, ఇప్పుడున్న రోల్ దానికి వాడేయొచ్చు.

రేపు మీ తమ్ముడు పెళ్ళిపనుల మీద బయటికి వెళ్ళే ముందే అతని ప్యాంటు జేబులు, బ్యాగు పక్క అరలు కూడా అతని చేతే ఖాళీ చేయించండి. కార్ట్రిడ్జ్‌లు ఎనిమిదీ లెక్క సరిపోయాయా లేదా చూడండి. ఒక్కటి తక్కువైనా, సోఫా దిండ్ల కింద, పాప బొమ్మల బుట్టలో వెతకండి.